వెండి చెంచాను నమ్మకండి, పుట్టగొడుగుల మీద ఆ చిట్కాలు సరిదిద్దండి

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ జిల్లా పేజీలో ములుగు రోడ్డు పక్కన మోదుగాకుల్లో కుప్పలు పోసి అమ్ముతున్న పుట్టగొడుగుల ఫొటో వేశారు. ఫొటో చాలా బాగుంది, ఆ అమ్మే ఆడవాళ్ళ గురించి రాసిన నాలుగు మాటలు కూడా బాగున్నాయి. కానీ దాని కిందే ఒక చిన్న బాక్స్ కట్టి "విషపు పుట్టగొడుగును గుర్తుపట్టడం ఇలా" అని చిట్కాలు ఇచ్చారు. ఉడికేటప్పుడు వెండి చెంచా వేస్తే నల్లబడుతుందట, వెల్లుల్లి వేస్తే రంగు మారుతుందట, పురుగులు కొరికినవి మంచివట, పుట్ట మీద లేచినవి ఏవైనా తినొచ్చట. ఆ నాలుగు చిట్కాల్లో ఏ ఒక్కదాన్నీ నమ్మి తినకూడదు. మీ పేపర్ ఎన్ని ఊళ్ళకు పోతుందో మీకు తెలుసు, ఆ బాక్స్ కత్తిరించి వంటింటి గోడకు అంటించుకునేవాళ్ళు ఉంటారని నాకు తెలుసు, అందుకే వెంటనే రాస్తున్నాను.

నేను ప్రభుత్వ బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన టీచర్‌ని. పుట్టింది పాకాల అడవి అంచున ఉన్న ఊళ్ళో, ఇప్పుడు ఉంటున్నది హనుమకొండలో. ఉత్తరం పొడుగవుతుంది. కత్తిరించాల్సి వస్తే నా సొంత సంగతులు కత్తిరించండి, ఆస్పత్రి గురించి రాసింది మాత్రం ఉంచండి.

మా నాయనమ్మ నాకు పుట్టగొడుగు చూపించింది ఆరుద్ర కార్తెలో. ముందు రోజు రాత్రంతా ఉరుములు, తెల్లారి సన్నగా ఎండ. నన్ను వెంటబెట్టుకొని చెలక గట్టు మీద ఉన్న పాత పుట్ట దగ్గరికి తీసుకెళ్ళింది. తెల్లగా, నడుమ ముదురు రంగు మొన తేలి, అంచులు కొంచెం చీలిన గొడుగులు, ఒకదాని పక్కన ఒకటి. నేను గబుక్కున గొడుగు పట్టుకొని పీకబోతే చెయ్యి మీద కొట్టింది. "గొడుగు గాదు బిడ్డా, కాడ పట్టు. మట్టిలకు వేలు దించు" అన్నది. వేలు దించితే కాడ అయిపోవడం లేదు, లోపలికి పోయినకొద్దీ సన్నబడుతూ నల్లటి తోలుతో వేరులాగా దిగుతూనే ఉంది. మూర దాకా తవ్వినా చివర దొరకలేదు. "ఇది పుట్టలకు పోతది. దీన్ని పీకితే పుట్ట కూలుతది, ఇక్కడికే తెంపు, చిన్నయి ముట్టకు" అని చెప్పి, విప్పారినవే తెంపి, మొగ్గలను వదిలేసింది. ఇంటికొచ్చాక నాలుగైదు నీళ్ళు పెట్టి మట్టి కడిగి, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, కారం వేసి వండితే ఆ వాసన వాకిలి దాకా వచ్చేది. జొన్నరొట్టెతో తినేవాళ్ళం. ఏడాదిలో నాలుగైదు సార్లు దొరికితే గొప్ప.

ఆమె చెప్పింది ఎంత నిజమో తర్వాత చదువుకున్నప్పుడు తెలిసింది. ఆ వేరు చెదలు పెంచుకునే తోటలోకే పోతుంది. పుట్ట లోపల చెదపురుగులు ఎండుటాకు, కట్టె నమిలి, తేనెపట్టులాగా, స్పాంజిలాగా మెత్తని దిమ్మెలు కడతాయి, వాటి మీద ఒక శిలీంధ్రాన్ని సాగుచేసి దాన్నే తింటాయి. మూడు కోట్ల ఏళ్ళ క్రితమే ఆఫ్రికా అడవుల్లో ఈ సాగు మొదలైందని శాస్త్రజ్ఞుల అంచనా, అంటే మనిషి అనేవాడు లేని కాలం నుంచీ చెదలు రైతులే. వానలు పడి నేల తడిసినప్పుడు ఆ తోట నుంచి గొడుగు పైకి వస్తుంది. దీని శాస్త్రీయ నామం టెర్మిటోమైసిస్, ఫ్రాన్స్ శాస్త్రజ్ఞుడు రోజర్ హైమ్ 1942లో పెట్టిన పేరు. ఇందులో చాలా రకాలున్నాయి. ఆఫ్రికాలోని జాంబియాలో దొరికే ఒక రకం గొడుగు మీటరు వెడల్పు దాకా విప్పారుతుంది. మన దగ్గర బొటనవేలి గోరంత ఉండి వందలకొద్దీ నేలంతా పరుచుకొని లేచే రకం ఇంకొకటి ఉంది, దానికి పొడుగు వేరు ఉండదు, ఎందుకంటే అది చెదలు పుట్టలోంచి బయటికి తెచ్చి పోసిన దిమ్మె ముక్కల మీదే మొలుస్తుంది. చెదలు లేకుండా వీటిని షెడ్లలో పండించడం మనుషులకు ఇంకా సరిగ్గా చేతకాలేదు, అందుకే ఇవి వానాకాలంలో నాలుగు రోజులే దొరుకుతాయి, రేటు అంత పలుకుతుంది.

అయితే "పుట్ట మీద లేచింది మంచిది" అని మీరు రాసింది ఎక్కడ తప్పంటే, పుట్ట కూడా మట్టే. పాతబడి చెదలు పోయిన పుట్ట మీద, పుట్ట పక్కన కుళ్ళిన మొద్దు మీద, ఆకుచెత్తలో ఏ రకమైనా లేవొచ్చు. నాయనమ్మ చూసింది పుట్టను ఒక్కదాన్నే కాదు. కాడ పొడుగు చూసేది, మొన చూసేది, గొడుగు కింది రేకుల రంగు చూసేది, వాసన చూసేది, ఏ కార్తెలో లేచిందో చూసేది, ఆ పుట్ట మీద నిరుడు ఏం లేచిందో కూడా ఆమెకు గుర్తుండేది. వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా "కుక్కగొడుగు" అని కాలితో తన్నేసి ముందుకు పోయేది. తినేది ఒకటో రెండో రకాలు, మిగిలిన అడవంతా ఆమెకు కుక్కగొడుగులే. ఆమెను కాపాడింది అదేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు నిరుటి సంగతి. మా తమ్ముడు హనుమకొండ అవతల కొత్త ప్లాట్ల వెంచర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. మూడు రోజులు ముసురు పట్టి తెరిపిచ్చాక ఇంటెనక ఖాళీ ప్లాట్ గడ్డిలో గుండ్రంగా గీత గీసినట్టు పెద్ద పెద్ద తెల్ల గొడుగులు లేచాయి. ఒక్కొక్కటి అన్నం పళ్ళెమంత. పిల్లలు సంబరంగా తెంపుకొచ్చారు, మరదలు యూట్యూబ్‌లో చూసి వండింది, వెల్లుల్లి వేసింది, వెల్లుల్లి తెల్లగానే ఉంది, ఇంకేం భయమని ఎనిమిదిన్నరకు నలుగురూ తిన్నారు. పదింటికి చిన్నోడికి వాంతి. పదకొండు అయ్యేసరికి నలుగురికీ వాంతులు, విరేచనాలు, కడుపులో మెలిపెట్టే నొప్పి. "అక్కా, నిలబడస్తలేదు" అని తమ్ముడు ఫోన్ చేస్తే ఆటో మాట్లాడుకొని పోయాను. దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాం. డ్యూటీలో ఉన్నాయన ఏం తిన్నారని అడగలేదు, ఫుడ్ పాయిజన్ అని రాసి సెలైన్ పెట్టాడు. నేనే వెంటపడి పుట్టగొడుగులు తిన్నారని చెప్తే "సరే అమ్మా, తగ్గిపోతది" అన్నాడు. తగ్గింది నిజమే. మర్నాడు సాయంత్రానికి లేచి కూర్చున్నారు. చిన్నోడు మాత్రం వారం రోజులు మనిషి కాలేదు.

ఆ రాత్రే నేను తమ్ముడి ఇంటికి పోయి చెత్తబుట్ట తిరగేశాను. కూరలో వేయకుండా పారేసిన ముదురు గొడుగు ఒకటి దొరికింది. తెల్లటి గొడుగు, నడినెత్తిన గోధుమరంగు పొలుసులు, కాడ చుట్టూ ఉంగరం, ఆ ఉంగరం పైకీ కిందికీ జరుగుతోంది. మా బడిలో పిల్లలతో చేయించే ప్రయోగమే ఇంట్లో చేశాను. కాడ కోసేసి, సగం తెల్ల కాగితం సగం నల్ల కాగితం పక్కపక్కన అంటించి, దాని మీద గొడుగును రేకులు కిందికి వచ్చేలా బోర్లించి, పైన గిన్నె మూతపెట్టి పడుకున్నాను. నిద్ర ఏం పట్టలేదు. తెల్లారి గిన్నె తీసి గొడుగు మెల్లగా లేపితే, కాగితం మీద బండిచక్రం ఆకుల్లాగా నడుమ నుంచి అంచుకు గీతలు గీతలుగా పొడి రాలి ఉంది. ఆ పొడి రంగు ఎండిన గోరింటాకు పొడి రంగు, మసక ఆకుపచ్చ. ఆ పొడే సిద్ధబీజాలు.

ఆకుపచ్చ పొడి రాల్చేది చాలా అరుదు, ఆ గుర్తుతో అది క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అని తేలిపోయింది. అమెరికాలో పుట్టగొడుగు తిని ఆస్పత్రి పాలయ్యేవాళ్ళలో ఎక్కువమంది దీన్ని తిన్నవాళ్ళే. గడ్డి ఉన్నచోటల్లా వాన తర్వాత లేస్తుంది, గుడి మైదానంలో, బడి గ్రౌండ్‌లో, ఖాళీ ప్లాట్‌లో. లేతగా ఉన్నప్పుడు రేకులు తెల్లగానే ఉంటాయి, ముదిరాకే పచ్చబడతాయి, అందుకే లేతవి ఏరుకున్నవాళ్ళు ఇంకా తేలిగ్గా మోసపోతారు. తిన్న గంట నుంచి మూడు గంటల లోపు వాంతులు మొదలవుతాయి. పెద్దవాళ్ళు సాధారణంగా బతికి బయటపడతారు, పిల్లలకు ఒంట్లో నీరంతా పోయి ప్రాణం మీదికి వస్తుంది.

నన్ను ఇప్పటికీ భయపెట్టేది ఆ రాత్రి జరిగింది కాదు. అది వేరే రకమై ఉంటే ఏమయ్యేదా అనే ఆలోచనే.

అమానిటా అని పుట్టగొడుగుల్లో ఒక ప్రజాతి ఉంది. అందులో యూరప్ ఓక్ చెట్ల కింద పెరిగే డెత్ క్యాప్ అందరికంటే పేరుమోసినది, మొక్కల వేళ్ళతో పాటు ప్రయాణం చేసి అమెరికాకు, ఆస్ట్రేలియాకు కూడా చేరింది. ఆస్ట్రేలియాలో 2023లో ఒక ఇంటి భోజనంలో దాన్ని తిన్న ముగ్గురు చనిపోయిన సంగతి మీ పేపర్లోనూ వచ్చే ఉంటుంది. అమానిటాల్లో ఎన్నో రకాలు మన దేశపు అడవుల్లోనూ ఉన్నాయి. వీటిలో ప్రాణాంతకమైన వాటిలోని విషం పేరు అమాటాక్సిన్. అదే విషం లెపియోటా అనే చిన్న గొడుగుల్లో కొన్నిటిలో కూడా ఉంటుంది. అది కణంలో ప్రోటీన్ తయారీకి కావలసిన మొదటి మెట్టునే ఆపేస్తుంది, కాలేయం కణాలు చచ్చిపోతాయి. శరీరం బరువు కిలోకు 0.1 మిల్లీగ్రాము చాలు మనిషి చావడానికి, అంటే ఒక పెద్ద గొడుగు సగం తిన్నా చాలు. ఉడికిస్తే పోదు, ఎండబెడితే పోదు, ఫ్రిజ్‌లో పెడితే పోదు, పసుపు వేసినా చింతపండు వేసినా పోదు. రుచి కూడా బాగానే ఉంటుందని బతికి బయటపడ్డవాళ్ళు చెప్పారు.

దీనితో పెద్ద ప్రమాదం అది పనిచేసే తీరులోనే ఉంది. రాత్రి తింటే తెల్లారే దాకా ఏమీ కాదు. ఆరు నుంచి పన్నెండు గంటలకు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, వాంతులు విరేచనాలు మొదలవుతాయి, అప్పటికి నిన్న తిన్న కూర ఎవరికీ గుర్తుండదు. ఒకరోజు బాధపడ్డాక రెండో రోజో మూడో రోజో తగ్గిపోతుంది, మనిషి లేచి జావ తాగుతాడు, ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు, ఆస్పత్రివాళ్ళు ఇంటికి పంపేస్తారు. కాలేయం మాత్రం లోపల పాడవుతూనే ఉంటుంది. ఆ తర్వాత కళ్ళు పచ్చబడి, స్పృహ తప్పి వెనక్కి తీసుకొస్తే చాలాసార్లు కాలేయం మార్చడం తప్ప దారి మిగలదు. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో ఇలా 13 మంది చనిపోయారు, ఎక్కువమంది తేయాకు తోటల కుటుంబాలవాళ్ళు, వాళ్ళలో పిల్లలూ ఉన్నారు. వాళ్ళకూ అడవి తెలుసు, వాళ్ళ అవ్వలూ తాతలూ ఏరుకొచ్చినవాళ్ళే.

అందుకే ఆస్పత్రి గురించి ఇది వేయమని మిమ్మల్ని బతిమాలుతున్నాను. పుట్టగొడుగు తిన్నాక ఏ ఇబ్బంది వచ్చినా, ఆరు గంటల తర్వాత వస్తే మరీ ముఖ్యంగా, 108కి ఫోన్ చేసి పెద్దాస్పత్రికి పోవాలి. డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పాలి: పుట్టగొడుగు తిన్నాం, ఫలానా టైముకు తిన్నాం, ఫలానా టైముకు వాంతి మొదలైంది. ఈ రెండు టైములే డాక్టర్‌కు సగం దారి చూపిస్తాయి. మిగిలిన పచ్చి గొడుగు, తొక్కలు, కూర, ఏది ఉంటే అది కాగితంలో చుట్టుకొని పోవాలి, కవర్లో కట్టకండి, చెమ్మకు కుళ్ళిపోతుంది. తిన్నవాళ్ళందరూ పోవాలి, బాగున్నవాళ్ళు కూడా. తగ్గిందని చెప్పినా కాలేయం రక్తపరీక్ష, రక్తం గడ్డకట్టే పరీక్ష రెండు మూడు రోజులు మళ్ళీ మళ్ళీ చేయమని అడగాలి. మొదట్లోనే పోతే ఆస్పత్రిలో మందుగా వాడే శుద్ధిచేసిన బొగ్గు పొడి తాగించడం, సెలైన్లు, ఎసిటైల్‌సిస్టిన్, సిలిబినిన్ లాంటి మందులు ఉన్నాయి. నూటికి నూరుపాళ్ళు పనిచేసే విరుగుడు ఇంకా లేదు. చైనా శాస్త్రజ్ఞులు 2023లో ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగుమందు ఎలుకల్లో ఈ విషాన్ని కొంత ఆపిందని చూపారు, అది మనుషులకు మందుగా రావడానికి టైం పడుతుంది. ఇంట్లో ఉప్పునీళ్ళు తాగించి, మజ్జిగ తాగించి, పసరు పోసి గంటలు పోగొట్టొద్దు. ఇంకో మాట, రెండు మూడు రకాలు కలిపి వండితే ఈ టైము లెక్క కూడా తప్పుతుంది. ఒక రకం వల్ల రెండు గంటలకే వాంతి వచ్చి, చంపే రకం దాని వెనక దాక్కుంటుంది.

ఇక మీ వెండి చెంచా. వెండిని నల్లబరిచేది గంధకం. గుడ్డు తిన్న వెండి చెంచా నల్లబడటం చూసే ఉంటారు, మరి గుడ్డు విషమా? అమాటాక్సిన్ ఉన్న కూరలో చెంచాను గంటసేపు ఉంచినా తళతళలాడుతూనే ఉంటుంది. వెల్లుల్లి కూడా అంతే, దాని రంగు మారడానికి దాని కారణాలు దానికున్నాయి. పురుగులు కొరికినవి మంచివన్నది ఇంకా ప్రమాదం, ఎందుకంటే మనల్ని చంపే ఆ విషాన్ని తట్టుకొని ఆ గొడుగులోనే గుడ్లు పెట్టి పెరిగే ఈగజాతులు ఉన్నాయి. రంగురంగులవి విషం, తెల్లవి మంచివి అనే మాట కూడా మనవాళ్ళలో ఉంది. పిల్లల పుస్తకాల్లో బొమ్మ వేసే తెల్లచుక్కల ఎర్ర గొడుగు విషమే కానీ, దానికంటే ఎక్కువమందిని చంపినవి తెల్లటివి, లేత పచ్చటివి. మొదట్లో గుడ్డు పెంకులాంటి సంచిలోంచి లేచేవన్నీ విషమని ఇంకొందరు అంటారు. అమానిటాకు సంచి ఉండేది నిజమే, కానీ మనం పండించి తినే వరిగడ్డి పుట్టగొడుగుకు కూడా అలాంటి సంచే ఉంటుంది. మన ఆసియా దేశాల నుంచి అమెరికాకు, ఆస్ట్రేలియాకు వెళ్ళినవాళ్ళు తమ ఊరి వరిగడ్డి పుట్టగొడుగే అనుకొని డెత్ క్యాప్ తిని చనిపోయారు. పొడి రాలిస్తే డెత్ క్యాప్‌ది తెలుపు, వరిగడ్డి పుట్టగొడుగుది లేత గులాబీ. పొడి పరీక్ష కూడా తినొచ్చా లేదా అని తేల్చదని గుర్తుంచుకోవాలి, పారేయడానికి ఒక కారణం మాత్రమే ఇస్తుంది.

విషాలన్నీ ఒకటి కావు. ఐనోసైబీ లాంటి చిన్న గోధుమరంగు గొడుగుల్లో మస్కరిన్ ఉంటుంది. తిన్న అరగంట నుంచి ఒళ్ళంతా చెమటలు, నోట్లో చొంగ, కళ్ళ నీళ్ళు, అచ్చం పత్తి చేలో పురుగుమందు ఎక్కినప్పుడు అయినట్టే. విరుగుడు కూడా అదే, ఎట్రోపిన్. మన జిల్లాల డాక్టర్లకు పురుగుమందు కేసులు బాగా అలవాటు కాబట్టి ఇది వాళ్ళు పట్టేస్తారు. పెంటకుప్పల మీద, గడ్డివాము పక్కన లేచి సాయంత్రానికి నల్లటి సిరాలా కారిపోయే గొడుగులు మీరు చూసే ఉంటారు. ఆ కోవలో ఒక రకం విడిగా తింటే ఏమీ చేయదు, కానీ దానితోపాటు కల్లో మందో పడిందా, మొహం జేవురించి గుండె దడదడలాడి కక్కుకుంటారు, తిన్న ఒకటి రెండు రోజుల తర్వాత తాగినా అంతే. బోనాలప్పుడు, దావత్‌లప్పుడు ఇది తెలిసి ఉండటం అవసరం.

మందు పుట్టగొడుగుల గురించి కూడా కొంచెం రాయాలి, ఎందుకంటే హనుమకొండలో ఇప్పుడు వీధికొకరు ఆ పొడి అమ్ముతున్నారు. పాత చెట్ల మొదళ్ళ మీద వార్నిష్ పూసినట్టు ఎర్రగా నిగనిగలాడుతూ చెక్కలాగా గట్టిగా పుట్టేది గానోడెర్మా. చైనాలో దీన్ని వందల ఏళ్ళుగా మందుగా వాడుతున్నారు, ఒంట్లో రక్షణ శక్తి మీద పనిచేసే పదార్థాలు ఇందులో ఉన్నది నిజమే. కానీ క్యాన్సర్‌కు దీన్నే మొదటి చికిత్సగా వాడటానికి తగిన ఆధారాలు లేవని, వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష తేల్చింది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా దీన్ని ముట్టొద్దు. మా కాలనీలో ఒకావిడ ఈ కాఫీ పొడి నమ్మి షుగర్ గోళీలు మానేసింది, కాలి పుండు మానక మళ్ళీ ఆస్పత్రికే పోయింది. ఆమెను చూసినప్పుడల్లా నాకు బాధ, కోపం రెండూ వస్తాయి.

నిజమైన మందు శిలీంధ్రాల నుంచి వచ్చింది, అయితే పొడి కొట్టి డబ్బాలో పోస్తే రాలేదు, ఏళ్ళ తరబడి పరీక్షిస్తే వచ్చింది. 1928లో ఫ్లెమింగ్ గాజు పళ్ళెంలో చూసిన బూజు పెన్సిలిన్ అయ్యింది. కిడ్నీ మార్చినవాళ్ళు మింగే సైక్లోస్పోరిన్ మట్టిలోని శిలీంధ్రం నుంచి వచ్చింది. జపాన్‌లో షిటాకే పుట్టగొడుగు నుంచి తీసిన లెంటినాన్‌ను కడుపు క్యాన్సర్‌కు కీమోథెరపీతో పాటు ఇంజెక్షన్‌గా వాడారు, చికిత్స మాన్పించి కాదు. మన మిరప రైతులకు ఇంకా దగ్గరి ముచ్చట చెప్తాను. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు బస్తాలు తెచ్చే రైతు కాయకుళ్ళుకు కొట్టే అజాక్సీస్ట్రోబిన్ అనే తెగులు మందు మూలం ఒక పుట్టగొడుగే. యూరప్‌లో పైన్ చెట్ల కాయల మీద మొలిచే స్ట్రోబిలూరస్ అనే చిన్న గొడుగు తన చుట్టూ వేరే బూజు రాకుండా ఒక పదార్థం వదులుతుంది. 1977లో జర్మనీలో దాన్ని వేరుచేశారు, దాని నమూనా మీద చేసిన మందు 1996లో మార్కెట్లోకి వచ్చింది.

తినాలనుకునేవాళ్ళు భయం లేకుండా తినడానికి పండించినవి ఉన్నాయి కదా. వరిగడ్డిని ముక్కలు చేసి నానబెట్టి ఉడకబెట్టి, కవర్లలో విత్తనంతో పొరలు పొరలుగా నింపి పెంచే ముత్యపుచిప్ప పుట్టగొడుగు మన చలికాలానికి, 30 నుంచి 35 డిగ్రీల వేడిలో పండే పాల పుట్టగొడుగు మన ఎండలకు బాగా సరిపోతాయి. కోతలయ్యాక తగలబెట్టే గడ్డిలో 10 కిలోలు తీసిపెడితే 5 కిలోలకు పైనే ముత్యపుచిప్పలు చేతికొస్తాయి. మటన్‌తో సమానమని ప్రచారం చేస్తారు, అది మాత్రం నిజం కాదు. పచ్చి పుట్టగొడుగులో 90 పాళ్ళు నీళ్ళే, 100 గ్రాములకు ప్రోటీన్ రెండు మూడు గ్రాములే. అయినా మంచి తిండి, కోసిన ముక్కలను వండేముందు అరగంట ఎండలో పెడితే విటమిన్ డి కూడా పెరుగుతుంది.

ఇదంతా చదివి ములుగు రోడ్డు మీద అమ్మే ఆడవాళ్ళ దగ్గర కొనడం మానేయమని నేను అనడం లేదు. తాడ్వాయి, ఏటూరునాగారం దిక్కు నుంచి తెచ్చే ఆ కోయ అక్కలకు తెలిసినంత నాకు తెలియదు. వాళ్ళు ఏరుకొచ్చేవి వాళ్ళ ఇంట్లో తినేవే. కానీ మధ్యలో కొని తెచ్చి అమ్మేవాళ్ళు వచ్చారు, వాళ్ళకు అన్నీ ఒకటే. నేను కొనేటప్పుడు ఎవరు ఏరారు, ఎక్కడ ఏరారు, ఎప్పుడు ఏరారు అని మూడూ అడుగుతాను. కుప్పలో రెండు రకాలు కనబడితే కొనను. పొడుగు వేరు ఉన్నవే, ఆ ఉదయం తెంపినవే తీసుకొని, ఒక్కొక్కటి కోసి చూసి, అదే పూట వండుతాను. మంచి రకమైనా కవర్లో చెమర్చి వాసనొస్తే కడుపు పాడుచేస్తుంది.

మీరు చేయగలిగింది ఒకటుంది. ఆ బాక్స్ తప్పని అదే పేజీలో, అంతే పెద్దగా వేయండి. కాకతీయ యూనివర్సిటీ వృక్షశాస్త్రం వాళ్ళు, వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ళు కోయ, నాయకపోడు పెద్దవాళ్ళతో కూర్చొని మన అడవుల్లో ఏవి తింటారో ఏవి తినరో ఫొటోలతో రాసిపెట్టేలా మీ పేపర్ ద్వారా అడగండి. మా నాయనమ్మతో పోయింది ఎంతో, నేను ఒక్క పుట్ట ముచ్చటే రాసుకోగలిగాను. ఆ ఫొటోలు ప్రతి వానాకాలం మృగశిర కార్తెకు ముందే పీహెచ్‌సీ గోడ మీద, అంగడి దగ్గర, బడిలో అంటించాలి, ఆటో మీద మైకు పెట్టి చెప్పించినా మంచిదే.

పునర్వసు కార్తె నడుస్తోంది, పుష్యమి దాకా గొడుగులు లేస్తూనే ఉంటాయి, కాబట్టి ఆలస్యం చేయకండి. నిరుడు తమ్ముడి ఇంట్లో దొరికిన గొడుగు రాల్చిన ఆకుపచ్చ గుర్తు మీద పారదర్శక కాగితం అంటించి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఫొటో తీసి వేసుకోండి, కాగితం మాత్రం దయచేసి వెనక్కి పంపండి, ఈ నెలాఖరుకు మా పాత బడి పిల్లలకు చూపిస్తానని మాట ఇచ్చాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జీవశాస్త్రం టీచర్,
హనుమకొండ